అద్దానికి ఇవతల

మా అమ్మాయి 30 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 1,240 గ్రాములు. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది, పెరట్లో జామచెట్టు ఎక్కుతోంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బిడ్డను బాక్సులో పెట్టించుకుని బయట బెంచీ మీద కూర్చున్న తల్లి ఎవరైనా ఇది చదువుతుంటే, చివరిదాకా గుండె చేత్తో పట్టుకుని చదవక్కర్లేదు.

మాది బొబ్బిలి. దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. 2018 శ్రావణ మాసంలో ఒక రాత్రి నిద్రలో ఉండగానే ఉమ్మనీరు పోయింది. నొప్పి లేదు, రక్తం కనపడలేదు. పక్క తడిసి మెలకువ వచ్చింది. మా అత్త లైటు వేసి చూసి, "ఓలమ్మ, ఏడు నిండి వారమైనా కాలేదు కదే" అంటూ మంచం పట్టె పట్టుకుని కూలబడిపోయింది. 108లో రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం చేరేసరికి తెల్లవారింది.

అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేశారు. నాకు యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంకొన్నాళ్లు లోపలే ఉంచగలిగితే మంచిదన్నారు. మర్నాడు సాయంత్రానికి నాకు చలిజ్వరం వచ్చింది, బిడ్డ గుండె వేగం పెరిగింది. ఇక ఆగకూడదని ఆపరేషన్ చేసి తీశారు. నా మూత్రం కల్చర్‌కి పంపితే ఈ.కోలి పెరిగిందని రిపోర్టు వచ్చింది.

ఎందుకిలా జరిగిందో చెప్పడానికి ఆ తరువాత చాలామంది వచ్చారు. రోజూ స్కూలుకి బస్సులో వెళ్లినందుకట. బొప్పాయి తిన్నానట. ఆషాఢ పౌర్ణమినాడు చంద్రగ్రహణం పట్టింది కదా, ఆ రాత్రి నేను వాకిట్లోకి వచ్చానట. ఇంకా కుట్లు ఆరని మనిషి ముందు కూర్చుని ఇవన్నీ అన్నారు. జరిగింది వేరు. గర్భం వచ్చాక హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం కొంత నిలిచిపోతుంది. అక్కడ క్రిములు పెరుగుతాయి. మంట ఉండదు, నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. నూరుమంది గర్భిణుల్లో 2 నుంచి 10 మందికి ఇలా ఉంటుంది. వదిలేస్తే కిడ్నీలదాకా పాకవచ్చు, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. కనిపెట్టాలంటే మొదటి నెలల్లోనే ఒక మూత్రం కల్చర్ చేయించాలి. నాకు అంతకుముందు చేసిన మూత్ర పరీక్షలన్నీ షుగరు, ఆల్బుమిన్ చూసేవే. కల్చర్ రాయాలని ఎవరికీ తోచలేదు. బొప్పాయి మీద పెట్టిన దృష్టిలో పదోవంతు ఆ పరీక్ష మీద పెడితే ఎందరి కడుపులో బిడ్డలు ఇంకో నెల లోపల ఉంటారో.

ఆపరేషన్ బల్ల మీద సన్నటి ఏడుపు ఒక్కటి వినిపించింది. అంతే, బిడ్డను తీసుకెళ్లిపోయారు. "బాక్సులో పెట్టామమ్మా" అన్నారు. మర్నాడు చక్రాల కుర్చీలో నన్ను తీసుకెళ్లి అద్దం ఇవతల నిలబెట్టారు. లోపల వరసగా బాక్సులు. ఏది మాదో తెలియలేదు. నర్సు వేలెత్తి చూపించింది. టోపీ, ముక్కులో గొట్టాలు, పాదానికి కట్టిన ఎర్రలైటు కనిపించాయి. ముఖం కనిపించలేదు. లోపలికి వెళ్తానంటే, "తల్లులు వస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది, బయటే ఉండాలి" అన్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అద్దంలోంచి చూడొచ్చు. మధ్యలో పాలపొడి డబ్బా కొనుక్కు రమ్మని చీటీ ఇచ్చారు.

నాకు పాలు పడలేదు. బిడ్డ దగ్గర లేదు, ఒంట్లో జ్వరం, కుట్ల నొప్పి. మా అమ్మ కాయం తినిపించింది, వెల్లుల్లి కారంతో అన్నం కలిపి పెట్టింది. మా చిన్నత్త సొరచేప కూర వండి డబ్బాలో పంపింది. చేత్తో పిండి తీయవచ్చని, మొదట్లో వచ్చే ఆ నాలుగు చుక్కల ముర్రుపాలే అన్నిటికంటే అవసరమని ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ముర్రుపాలల్లో రోగనిరోధక శక్తి ఉంటుందని బోర్డు మీద రాసేదాన్ని. ఆ శక్తి ఎవరి చేతుల మీదుగా, ఏ గిన్నెలో, ఎప్పుడు బిడ్డ నోటికి చేరాలో పుస్తకంలో ఉండదు.

వారం తిరక్కుండానే పాపకు తేడా చేసింది. పొద్దున పట్టిన పాలు మధ్యాహ్నానికీ పొట్టలోంచి కదల్లేదన్నారు. సాయంత్రం గొట్టంలోంచి పచ్చగా వెనక్కి వచ్చింది. పొట్ట ఉబ్బింది. రాత్రి రెండుసార్లు ఊపిరి తీయడం ఆపేసింది, నర్సు అరికాలు తడితే మళ్లీ తీసింది. "విశాఖ తీసుకెళ్లండి" అన్నారు. మా ఆయన కాగితాల మీద సంతకాలు పెడుతుంటే ఆయన చెయ్యి వణకడం నేను ఇవతలినుంచి చూశాను. కుట్లతోనే అంబులెన్సు ముందు సీట్లో కూర్చున్నాను. వెనక బాక్సులో పాప. విజయనగరం నుంచి విశాఖదాకా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం.

విశాఖ ఆసుపత్రిలో మమ్మల్ని అందుకున్న డాక్టరమ్మ పెద్దావిడ. పాప మీద కప్పిన గుడ్డ తీసి, రొమ్ము ఎముక మీద చూపుడు వేలితో నొక్కి పట్టుకుని వదిలింది. నొక్కినచోట తెల్లగా అయిన చర్మం మూడు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. నేనూ లెక్కపెట్టాను. ఐదు దాటినా ఆ తెల్లమచ్చ అలాగే ఉంది. ఆమె ఇంకేం మాట్లాడకుండా సెలైన్ పెట్టమని చెప్పి, రక్తం తీసి కల్చర్‌కి పంపింది. కాస్త కుదుటపడ్డాక వెన్నులోంచి కూడా నీరు తీసి పరీక్షకు పంపారు, క్రిమి మెదడు పొరల్లోకి వెళ్లిందేమో చూడటానికి. అదృష్టం, వెళ్లలేదు.

కల్చర్ రిపోర్టు నా చేతికి ఇచ్చారు, టీచర్నని తెలిసి. క్లెబ్సియెల్లా న్యుమోనియే. కింద మందుల పేర్లు ఒక వరసలో, ఎదురుగా ఒక్కో అక్షరం. యాంపిసిలిన్‌కి ఆర్. జెంటామైసిన్‌కి ఆర్. సెఫొటాక్సిమ్‌కి ఆర్. ఆర్ అంటే ఆ మందుకి క్రిమి లొంగదు. కాగితం చివరికొచ్చేసరికి మెరోపెనెమ్ ఎదురుగా ఎస్ ఉంది, అంటే దానికి లొంగుతుంది. ఎనిమిదో తరగతికి నేను సూక్ష్మజీవులు, పెన్సిలిన్, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చెబుతాను. పిల్లలు ఆసక్తిగా వింటారు. ఆ వరసలో అన్ని ఆర్‌లు చూశాక ఆ పాఠం మళ్లీ అదే గొంతుతో చెప్పలేకపోయాను. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పసిగుడ్లకు రక్తంలో ఇన్ఫెక్షన్ తెచ్చినవాటిలో మొదటి మూడూ ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి. మందులకు మొండికేసినవే ఎక్కువ. మా పాప ఒక్కతే కాదు.

మందు మొదలుపెట్టిన సాయంత్రం డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తల్లులు రాకూడదన్నారు కదా అన్నాను. ఆమె ఒక స్టూలు లాగి పాప బాక్సు పక్కన వేసింది.

"చూడమ్మా, కడుపులో ఉన్నప్పుడు నీ రక్తంలో ఉన్న యాంటీబాడీలు మావి దాటి బిడ్డకు పోతాయి. నువ్వు ఇన్నేళ్లలో పడ్డ జబ్బులు, వేయించుకున్న టీకాలు, అన్నిటి జ్ఞాపకం అది. కానీ ఆ పంపకం ఎక్కువభాగం జరిగేది చివరి వారాల్లో. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఒక్కోసారి తల్లికంటే ఎక్కువే ఉంటాయి. నీ బిడ్డకు ఆ వారాలు దక్కలేదు. దాని చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు నువ్వు ఇవ్వగలిగింది పాలు."

పాలు పడలేదన్నాను. "పడతాయి, ముందు ఇక్కడ కూర్చో" అంది. తరువాత ఆమె చెప్పిన మాటే ఇన్నేళ్లుగా నేను అందరికీ చెబుతున్నది. తల్లి ఏ గాలి పీలుస్తుందో, ఏ క్రిములు ఆమె గొంతులోకి, పేగుల్లోకి పోతాయో, వాటిని ఆమె పేగు గోడల్లోని రక్షణ కణాలు గుర్తుపడతాయి. ఆ కణాలు రక్తంలో కలిసి రొమ్ములోకి చేరతాయి. అక్కడ ఐజీఏ అనే యాంటీబాడీని తయారుచేసి పాలల్లోకి వదులుతాయి. ఏ క్రిమిని చూశాయో దానికి సరిపోయేదే తయారుచేస్తాయి. "నువ్వు బొబ్బిలిలో కూర్చుంటే నీ పాలు బొబ్బిలి క్రిములకు పనికొస్తాయి. నీ బిడ్డ ఉన్నది ఈ వార్డులో. ఈ వార్డులో ఉన్నవాటికి పాలు తయారవ్వాలంటే నువ్వు ఈ వార్డులో ఉండాలి."

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ వారం రోజులూ ఇన్ఫెక్షన్ పేరు చెప్పి నన్ను అద్దం ఇవతల నిలబెట్టారు. ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోగలిగింది ఆ బిడ్డకు నా దగ్గరే ఉండగా.

లోపల ఉండాలంటే షరతులు కఠినం. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు, బొటనవేలు చుట్టూ. గోళ్లు తీసేయాలి. వాచీ, ఉంగరం, గాజులు తీసేయాలి. మంగళసూత్రం జాకెట్‌లోకి దోపుకోవాలి. గాజుల దగ్గర పేచీ వచ్చింది. మా అత్త ఒప్పుకోలేదు. "పచ్చి బాలింత, ముత్తైదువ, చేతులు బోడిగా పెట్టుకుని బిడ్డ మొహం చూస్తాదా? నేనొప్పను" అని వరండాలో ఏడ్చింది. ఆమె మొండి మనిషి కాదు. ముగ్గురు పిల్లల్ని కని ఇద్దరిని దక్కించుకున్న మనిషి. చేతుల నిండా గాజులుండటం ఆమెకు బిడ్డ క్షేమమే. వాదించడానికి నాకు ఓపిక లేదు. సిస్టర్ ఒకావిడ వచ్చి, ఆమె పక్కన కూర్చుని, నా గాజుల్లో ఒకటి పైకి జరిపి, దాని కింద చర్మం మీద పేరుకున్న సన్నటి మట్టిగీత చూపించింది. "ఎంత కడిగినా ఇక్కడికి సబ్బు పోదు పెద్దమ్మా. క్రిమి ఇక్కడే కూర్చుంటాది." మా అత్త చాలాసేపు ఆ గీతవైపు చూసింది. తరువాత తనే సబ్బు రాసి నా చేతుల నుంచి ఒక్కొక్క గాజూ తీసింది. చీర కొంగులో మూటకట్టి, బొడ్లో దోపుకుంది.

పాపకు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్న రోజుల్లో కూడా నా పాలు వృథా పోలేదు. సిస్టర్ నేర్పిన పద్ధతిలో, బొటనవేలు, చూపుడువేలు నల్లభాగం అంచున పెట్టి, వెనక్కి నొక్కి, ముందుకు వత్తితే, చాలాసేపటికి పసుపురంగులో ఒక చుక్క వచ్చింది. దాన్ని సిరంజిలో పట్టారు. దూదిపుల్లకు అద్ది పాప బుగ్గల లోపల రాశారు. పొట్టలోకి వెళ్లకపోయినా నోటి లోపలి పొరలకు ఆ యాంటీబాడీలు తగులుతాయన్నారు. రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పిండేదాన్ని. చుక్కలు పోయి ఒక మిల్లీలీటరు అయింది. తరువాత గిన్నె అడుగు కప్పేటంత. బాక్సు పక్కన కూర్చుని పిండితే ఎక్కువ వచ్చేవి, బయటికెళ్లి గదిలో పిండితే తక్కువ. పొట్ట ఉబ్బు తగ్గాక గొట్టం ద్వారా ఒక మిల్లీలీటరుతో మొదలుపెట్టారు. పాప అరిగించుకుంది.

తల్లిపాలల్లో కొన్ని చక్కెరలు ఉంటాయి. వాటిని బిడ్డ అరిగించుకోలేదు, అరిగించుకునే ఎంజైములు మనిషి పేగులో లేవు. పాలల్లో లాక్టోజ్, కొవ్వు తరువాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఇవే. బిడ్డకు పనికిరానిదాన్ని తల్లి శరీరం ఇంత కష్టపడి ఎందుకు తయారుచేస్తుంది? అవి బిడ్డకోసం కాదు, బిడ్డ పేగుల్లో ఉండాల్సిన బైఫిడోబాక్టీరియా కోసం. పాలు తాగే పిల్లల మలంలో ఈ బాక్టీరియాను పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్రీ టిస్సియే 1899లోనే చూశాడు. ఇవి ఆ చక్కెరలు తిని ఆమ్లాలు వదులుతాయి, ఆ ఆమ్లాల మధ్య క్లెబ్సియెల్లా లాంటివి సుఖంగా పెరగలేవు. అవి వదిలేవాటిలో కొన్ని పేగు గోడను గట్టిపరుస్తాయి, బిడ్డ రోగనిరోధక కణాలకు ఎవరి మీద తిరగబడాలో, ఎవరిని చూసి ఊరుకోవాలో నేర్పుతాయి. చేలో పైరు ముందు లేచి నేల కప్పేస్తే కలుపు తల ఎత్తలేదు, అదీ పద్ధతి.

మా పాపకు ఆ వరస అంతా తలకిందులైంది. ఆపరేషన్‌తో పుట్టింది. పుట్టకముందే నా రక్తంలో యాంటీబయాటిక్, పుట్టాక దాని రక్తంలో. బ్రిటన్‌లో దాదాపు 600 మంది పిల్లల మలం పరీక్షించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, సిజేరియన్ పిల్లల పేగుల్లో తల్లి నుంచి రావాల్సిన బాక్టీరాయిడ్స్ తగ్గి, ఆసుపత్రుల్లో తిరిగే ఎంటరోకాకస్, క్లెబ్సియెల్లా లాంటివి ఎక్కువగా కనిపించాయి. పెరిగేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గుతూ వచ్చింది కూడా. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు. మొదటి మాట పట్టుకుని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, మందులు పోసి పిల్ల పేగులు పాడుచేశారని, ఆపరేషన్ చేయించుకోకుండా ఉండాల్సిందని రాశాడు. నేను జవాబు రాశాను. మెరోపెనెమ్ లేకపోతే ఈ పిల్ల లేదు. ఆపరేషన్ ఆలస్యమైతే ఈ పిల్లా లేదు, నేనూ లేను. పేగులు తరువాత బాగుచేసుకుంటాం.

మందుల తరువాత పాప నోట్లో తెల్లగా పూత వచ్చింది. నాలుక మీద, బుగ్గల లోపల. తుడిస్తే పోవడం లేదు. బాక్టీరియా చచ్చి చోటు ఖాళీ అయితే కాండిడా అనే శిలీంద్రం ఎదిగిపోతుంది, అదే ఆ పూత. దానికి వేరే చుక్కల మందు వేశారు. ఒకదాన్ని చంపితే ఇంకొకటి లేస్తుందని పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు, నా బిడ్డ నాలుక మీద చూసినప్పుడు అర్థమైంది.

బరువు కాస్త కుదుటపడ్డాక కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. పాపకు టోపీ, సాక్సులు, డైపరు తప్ప ఏమీ వేయకుండా, నా రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్లు మడిచి పెట్టి, మెత్తటి పంచెతో నాకూ దానికీ కలిపి చుట్టేశారు. అది మొదటిసారి నాకు దాని బరువు తెలియడం. గంటలకొద్దీ అలాగే కూర్చునేదాన్ని. ఊపిరి ఆగడాలు తగ్గాయి. నా చర్మం మీద ఉండే మామూలు క్రిములు దాని చర్మం మీదికి చేరతాయి, వార్డు క్రిములకు బదులు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా మొదలుపెట్టిన పద్ధతి ఇది. లేమి వల్ల పుట్టింది కాబట్టి బీదవాళ్ల వైద్యమని చాలాకాలం చులకన చేశారు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోనూ, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోనూ కలిపి 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు 3,211 మంది మీద ఒక పరీక్ష చేసింది. సగంమందికి పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి కంగారూ పద్ధతి, అందుకోసం తల్లికి అదే వార్డులో మంచం. మిగతావాళ్లకు నిలదొక్కుకున్నాకే. నెలలోపు మరణాలు వెంటనే తల్లి దగ్గర ఉన్నవాళ్లలో 12 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. రక్తంలో ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. ఇంత తేడా కనపడ్డాక ఆపకుండా కొనసాగించడం అన్యాయమని పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఈ ఫలితం 2021లో వచ్చింది. తల్లి వస్తే ఇన్ఫెక్షన్ వస్తుందన్న బోర్డు చాలా గుమ్మాల మీద ఇంకా ఉంది.

నేను నిద్రపోయే వేళల్లో మా ఆయన చొక్కా విప్పి పాపను పెట్టుకునేవాడు. ఒకరోజు నేను కళ్లు తెరిచేసరికి కుర్చీలో మా అత్త. రెండు చేతులూ బోడిగా ఉన్నాయి. ఎవరూ అడగలేదట. "నాయీ తీసేసినాను. గుంట ఎలా నిద్రపోతందో చూడు" అంది.

గొట్టం తీసేశాక ఉగ్గుగిన్నెతో పట్టాం, ఆ తరువాత రొమ్ము పట్టింది. ఇంటికి తెచ్చిన రోజు వీధిలో అందరూ వచ్చారు. గుమ్మంలోనే ఆపాను. తేనె నాకించాలన్నారు, వస అరగదీసి పెట్టాలన్నారు. వద్దన్నాను. తేనెలో బొటులిజం తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఏడాది నిండని పిల్లల పేగులో వాటిని ఆపే క్రిములు ఇంకా స్థిరపడవు, అక్కడ మొలకెత్తి విషం వదిలితే ఒళ్లు చచ్చుబడిపోతుంది. పెద్దవాళ్లు రోజూ తిన్నా ఏమీ కాదు. ఇది చెబితే మా పెదనాన్నగారికి కోపం వచ్చింది, మూడు తరాలుగా పెట్టామన్నారు. కోపం రానిచ్చాను.

టీకాల దగ్గర ఇంకో తగువు. ఇంత చిన్నదానికి అప్పుడే సూదులా, నెలలు లెక్కేసి ఆగుదాం అన్నారు. నెలలు నిండని బిడ్డకు టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్క. బీసీజీకి మాత్రం మా డాక్టరమ్మ బరువు పెరిగేదాకా ఆగింది. నా నుంచి తక్కువ యాంటీబాడీలు తెచ్చుకున్న బిడ్డకు టీకా ఆలస్యమైతే మధ్యలో ఆసరా ఏముంటుంది? మీజిల్స్ టీకా తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆగుతారో కూడా అప్పుడే తెలిసింది. అంతకుముందు వేస్తే తల్లి నుంచి వచ్చి ఇంకా మిగిలి ఉన్న యాంటీబాడీలే టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. అవి కరిగిపోయేదాకా ఆగి వేస్తారు. ఆ తేదీల వెనక తల్లీబిడ్డల రక్తం లెక్క ఉందని తెలిశాక టీకా కార్డును నేను వేరే కళ్లతో చూశాను.

ప్రోబయాటిక్ సాచెట్ల గురించి నన్ను చాలామంది అడుగుతారు. మా పక్కనే ఉన్న ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిపిల్లలతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనం ఉంది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, అది తినే చక్కెరతో కలిపి వారం రోజులు ఇచ్చారు. ఇన్ఫెక్షన్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. నాకు అది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి, అంత చవకైన మందు. కానీ ఆ పిల్లలు 35 వారాలు నిండినవాళ్లు, 2 కిలోలు దాటినవాళ్లు, తల్లిపాలు తాగుతున్నవాళ్లు. మా పాపలాంటివాళ్లు కాదు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, నెలలు నిండని ఒక శిశువు ప్రోబయాటిక్‌లోని బాక్టీరియాతోనే ఇన్ఫెక్షన్ వచ్చి చనిపోయాక, ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది. కాబట్టి మందుల షాపులో అడిగి కొని పసిగుడ్డు నోట్లో పోయకండి. డాక్టరు రాస్తేనే.

రెండేళ్లు దాటాక పాపకు జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వచ్చేవి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మంచివాడే, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వస్తాడు. కానీ ప్రతి జలుబుకీ యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెడతాడు. వైరస్ జలుబు మీద అది పనిచేయదు, పేగుల్లో అప్పుడప్పుడే కుదురుకుంటున్నవాటిని మాత్రం ఊడ్చేస్తుంది. పిల్లల పేగులోని ఆ లోకం పెద్దవాళ్ల దానిలా స్థిరపడటానికి సుమారు మూడేళ్లు పడుతుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2000 నుంచి 2014 మధ్య ఏడాదిలోపు పిల్లలకు యాంటీబయాటిక్‌లు రాయడం తగ్గుతూ వచ్చింది, అదే కాలంలో చిన్నపిల్లల్లో కొత్తగా ఆస్తమా రావడం నాలుగోవంతు తగ్గింది. నేను ఆయనకు ఈ సంగతి చెప్పాను. మా పాపకు న్యుమోనియా వచ్చినప్పుడు మాత్రం ఆసుపత్రిలో ఇచ్చిన యాంటీబయాటిక్ ఒక్క మోతాదు తప్పకుండా వేశాను. క్లెబ్సియెల్లా రిపోర్టు చూసినదాన్ని, ఆ మందులు అవసరానికి పనిచేయాలంటే అనవసరానికి వాడకూడదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదో ఏడు వచ్చేసరికి పిల్లికూతలు పోయాయి.

మా ఆడబిడ్డ కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలోనే మూత్రం కల్చర్ చేయించాను. క్రిములు పెరిగాయి. మంట లేదు, నొప్పి లేదు, నాలాగే. గర్భిణులకు ఇవ్వదగ్గ మందు డాక్టరు రాసింది, మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదు. నెలలు నిండాకే కాన్పయింది. కాన్పు గదిలోనే బిడ్డను రొమ్ముకు పెట్టించాను.

మొన్న వేసవిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయికి ఏడో నెలలో పాప పుట్టిందని కబురొచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఉంది. వెళ్లేసరికి ఆ పిల్ల వరండాలో గోడకు చేరబడి కూర్చుని ఉంది, పాలు పడలేదని ఏడుస్తూ. అక్కడే కొంగు చాటు చేసి ఎలా పిండాలో చూపించాను. చాలాసేపటికి రెండు చుక్కలు వచ్చాయి. అవి పట్టుకుని లోపలికి వెళ్లి, తల్లిని బిడ్డ దగ్గర కూర్చోనివ్వమని అడిగాను. తల్లీబిడ్డలను ఒకేచోట ఉంచే వార్డులు పెట్టాలని కేంద్ర ఆరోగ్య శాఖే మార్గదర్శకాలు ఇచ్చిందని కూడా చెప్పాను. "తెలుసు టీచరుగారూ, కానీ మంచాలు వేయడానికి చోటు లేదు. కుర్చీ వేస్తాను" అంది హెడ్ నర్సు. వేసింది. ఆ అమ్మాయి చేత గాజులు తీయించి, మోచేతుల దాకా ఎలా కడుక్కోవాలో పక్కన నిలబడి నేర్పాను. సింకు దగ్గర సబ్బు అయిపోతే ఎవరిని అడగాలో చెప్పి, సాయంత్రం బస్సుకు బొబ్బిలి వచ్చేశాను.